వినియోగదారు, పని, ఉత్పత్తి: మూడింటినీ కలిపి రీసెర్చ్ చేయడం కుదురుతుందా?

ప్రశ్న ఇది: "ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు పనిచేశాను. వినియోగదారులు, పని, ఉత్పత్తి మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. గైడ్ మాత్రం మూడింట్లో ఒకటి ఎంచుకుని, ప్రశ్నావళి తయారుచేసి సర్వే చెయ్యమంటున్నారు. మూడూ కలిపి చేయడం కుదురుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

కుదురుతుందండి. నేను చేసింది అదే. కాకపోతే మొదటి ఏడాదంతా మీ గైడ్ చెప్పిన దారిలోనే నడిచి, చివరికి ఆ కాగితాల కట్టని పక్కన పడేయాల్సి వచ్చింది. ఆ ఏడాది మీకైనా మిగులుతుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నా సర్వే సంగతి. టేబుల్ ఫ్యాన్లు తయారుచేసే ఒక ప్లాంట్‌లో అనుమతి దొరికింది. ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కు. "మీ పని మీకు తృప్తిగా ఉందా?", "నాణ్యత విషయంలో మీ మాటకు విలువ ఉందా?" ఇలాంటివి. షిఫ్ట్ మారే పావుగంటలో సూపర్‌వైజర్ గారే కాగితాలు పంచారు. నింపుతున్నంతసేపూ అక్కడే నిలబడ్డారు. ఇంటికి తెచ్చుకుని చూస్తే దాదాపు ప్రతి కాగితం మీదా వరసగా నాలుగు, నాలుగు, నాలుగు. కంప్యూటర్‌లో ఎక్కిస్తే పట్టికలు చక్కగానే వచ్చాయి. ఆ లైన్ మీద రోజంతా ఏం జరుగుతుందో మాత్రం వాటిలో ఒక్క ముక్క లేదు.

తర్వాత నాలుగైదుసార్లు తిరిగి, బతిమాలి, లైన్ పక్కన నిలబడి చూసే అనుమతి తెచ్చుకున్నాను. అప్పుడు ప్లాంట్‌కి ఒక పెద్ద తలనొప్పి ఉండేది. ఫ్యాన్ స్పీడ్ పెంచితే గరగరమని శబ్దం వస్తోందని కస్టమర్ల ఫిర్యాదులు. మార్కెటింగ్ వాళ్ళ సర్వేలో అది "నాణ్యతపై అసంతృప్తి" అనే గడిలో పడింది. ఇంజినీరింగ్ వాళ్ళకి మోటార్ బేరింగ్ మీద అనుమానం, సప్లయర్‌తో గొడవ నడుస్తోంది. హెచ్‌ఆర్ వాళ్ళకి ఈ ఫిర్యాదుల ఊసే తెలీదు. వాళ్ళ దగ్గర ఉన్నదల్లా, ఆ మూడు నెలల్లో కాంట్రాక్ట్ మీద ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు అనే లెక్క.

ఫ్యాన్‌కి ముందువైపు గార్డ్ (రెక్కలకి అడ్డుగా ఉండే తీగల జాలీ) బిగించే స్టేషన్ దగ్గర ఒక పెద్దావిడ ఉండేవారు. లైన్ మొత్తం ఆవిడని అక్కా అనే పిలిచేది. గార్డ్ చుట్టూ ఐదు క్లిప్పులు. గోడకి అంటించిన వర్క్ ఇన్‌స్ట్రక్షన్ ప్రకారం పై క్లిప్ ముందు వేసి, చుట్టూ వచ్చి, కింది క్లిప్‌తో ముగించాలి. అక్క అలా చేసేవారు కాదు. ఎడమ అరచెయ్యి గార్డ్ అడుగున ఆనించి గట్టిగా నొక్కి, కింది క్లిప్ ముందు వేసేవారు. పైది ఆఖర్న. ఎందుకని అడిగితే, పక్కనున్న గార్డుల దొంతర చూపించారు. ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల రింగులు కొంచెం కోలగా సాగుతున్నాయట. పైనుంచి మొదలుపెడితే ఆ వదులంతా కిందికి చేరుతుంది. క్లిప్ పడినట్టే ఉంటుంది గానీ తీగ మాత్రం పట్టు దొరక్క కదులుతుంటుంది. ఆవిడ బొటనవేలి గోటితో గార్డ్‌ని ఒకసారి మీటి, చెవి దగ్గరగా పెట్టి వినేవారు. టక్‌మని ఆగిపోతే సరే. సన్నగా సాగితే, "ఇది మోగుద్ది" అని తీసి మళ్ళీ వేసేవారు. టెస్టింగ్ బెంచ్ దాకా వెళ్ళకుండానే ఆవిడకి తెలిసిపోయేది.

ఆ స్టేషన్‌లో మామూలు రోజుల్లో ఒక్కో ఫ్యాన్‌కి నలభై సెకన్లు. సీజన్ వచ్చి ఆర్డర్లు పెరిగేసరికి ముప్పై రెండు చేశారు. ఇంకో లైన్ కూడా తెరిచి, కొత్తవాళ్ళని కాంట్రాక్ట్ మీద తీసుకున్నారు. ఆ పిల్లలు గోడ మీద ఉన్నది ఉన్నట్టే చేశారు. వాళ్ళ తప్పేముంది? కోలగా సాగిన రింగుల గురించి చెప్పినవాళ్ళు లేరు, గోటితో మీటి చూసుకునే తీరికా లేదు. ఫిర్యాదులు వచ్చిన ఫ్యాన్ల సీరియల్ నంబర్లు రాసుకుని చూశాను. చాలావరకు రెండో లైన్‌లో, సీజన్ నెలల్లో తయారైనవే.

ఇప్పుడు మీ మూడు సబ్జెక్టులూ ఇందులో ఎక్కడున్నాయో చూడండి. కొనేవాళ్ళ గిరాకీ పెరగడం వల్ల ఉత్పత్తి వేగం పెరిగింది. దానివల్ల పనిచేసే మనిషీ మారారు, పని పద్ధతీ మారింది. ఆ మార్పే శబ్దమై తిరిగి కొన్నవాళ్ళ ఇంటికి చేరింది. మూడు డిపార్ట్‌మెంట్లూ చూస్తున్నది ఈ ఒక్క విషయాన్నే, ఎవరి కొసని వాళ్ళు పట్టుకుని. యూనివర్సిటీల్లో కూడా ఇదే తంతు: వినియోగదారుల మీద రాసేవాళ్ళది మార్కెటింగ్ శాఖ, పని మీద రాసేవాళ్ళది సోషియాలజీ, ఉత్పత్తి ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌కి. ఒకరి జర్నల్ ఇంకొకరు తెరవరు. మీకు ఫ్యాక్టరీ అనుభవం ఉంది కాబట్టి ఈ గోడలు దాటడం మిగతావాళ్ళకంటే మీకు తేలిక.

గిరాకీ సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. అంగళ్ళలో ఫ్యాన్లు కొనేవాళ్ళు పెరిగిన దానికంటే ప్లాంట్‌కి వచ్చే ఆర్డర్లు చాలా ఎక్కువ పెరుగుతాయి. సరుకు దొరకదేమోనని డీలర్ నాలుగు ఎక్కువ రాస్తాడు, అతని పైన డిస్ట్రిబ్యూటర్ ఇంకో పది కలుపుతాడు. జే ఫారెస్టర్ అనే అమెరికన్ ఇంజినీర్ ఈ ఊపుని 1958లోనే లెక్కలు కట్టి చూపించాడు. 1997లో లీ, పద్మనాభన్, వాంగ్ అనే ముగ్గురు పరిశోధకులు దీనికి కారణాలు విడదీసి చెప్పారు: గిరాకీ అంచనాలు, ఒకేసారి పెద్దమొత్తంలో ఆర్డర్లు, ధరల ఆఫర్లు, కొరత భయం. దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. పట్టుకున్న చోట కాస్త కదిపితే చాలు, కొరడా చివర ఎంత ఊగుతుందో అలాగన్నమాట. వాళ్ళు చెప్పిన ఉదాహరణే, పసిపిల్లల డైపర్లు. పిల్లల వాడకం దాదాపు ఒక్కలాగే ఉన్నా, పైకి వెళ్ళేకొద్దీ ఆర్డర్లు ఎగిరిపడుతుంటాయి. ఈ రీసెర్చ్ అంటే నాకు చాలా గౌరవం. కాకపోతే ఆ గ్రాఫులు ఆర్డర్ల దగ్గరే ఆగిపోతాయి. ఆ కొరడా చివరి దెబ్బ ముప్పై రెండు సెకన్ల స్టేషన్ దగ్గర నిలబడ్డ మనిషి చేతి మీద పడుతుంది. అక్కడిదాకా వెళ్ళిన పేపర్లు చాలా తక్కువ. మీకు ఖాళీ ఉన్న చోటు అదే.

చదవాల్సినవి చాలా ఉన్నాయి. నాకు నిజంగా పనికొచ్చినవే చెప్తాను.

ఫోర్డ్ కథ మళ్ళీ చదవండి, ఈసారి తేదీలు పక్కపక్కన పెట్టుకుని. 1914 జనవరిలో రోజుకి 5 డాలర్ల వేతనం ప్రకటించింది తన పనివాళ్ళే తన కార్లు కొనాలనేనని చాలాచోట్ల రాస్తారు. దానికి ముందు ఏడాది ఏం జరిగిందో చూడండి. 1913లో హైలాండ్ పార్క్ ప్లాంట్‌లో కదిలే అసెంబ్లీ లైన్ వచ్చింది. ఒక చాసిస్ (కారు చట్రం) బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది కాస్తా కొన్ని నెలల్లో గంటన్నరకి దిగింది. ఆ పని భరించలేక జనం మానేసి వెళ్ళిపోయారు. ఆ ఏడాది మానేసినవాళ్ళ రేటు 370 శాతం. అంటే ఒక్కో పోస్టులో ఏడాదిలో మూడు నాలుగు సార్లు మనిషి మారారన్నమాట. 5 డాలర్లు ముఖ్యంగా ఆ వలస ఆపడానికి. అందులోనూ దాదాపు సగం షరతుల మీద ఇచ్చిన లాభంలో వాటా. కంపెనీ సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు పనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నారా, డబ్బు పొదుపు చేస్తున్నారా అని చూసి వచ్చేవాళ్ళు. జీతం ఇచ్చిన చెయ్యే ఖర్చుని కూడా ఆరా తీసింది. పని, వినియోగం వేరువేరు సబ్జెక్టులని ఎవరైనా అంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక లైన్ మీద నిలబడి రాసినవాళ్ళు. డొనాల్డ్ రాయ్ అనే సోషియాలజిస్ట్ 1944లో ఒక మెషీన్ షాపులో డ్రిల్ ఆపరేటర్‌గా చేరి, సుమారు పది నెలలు పనిచేస్తూ నోట్స్ రాసుకున్నాడు. పీస్ రేటు (చేసిన పీసుకి ఇంత అనే కూలి) ఉన్నా పనివాళ్ళు కావాలనే ఒక హద్దు దాటి చేయకపోవడానికి కారణం అతనికి అక్కడే దొరికింది. ఎక్కువ చేస్తే రేటు కోస్తారని భయం. ముప్పై ఏళ్ళ తర్వాత మైకేల్ బురావోయ్ అనే ఇంకో సోషియాలజిస్ట్ ఒక ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్‌గా చేరాడు. కొన్నాళ్ళకి తెలిసింది, అది రాయ్ పనిచేసిన ఫ్యాక్టరీయే అని! అనుకోకుండా కుదిరిన ఆ పోలిక వల్ల ఒకే చోట పని ఎలా మారిందో రాయగలిగాడు. పనివాళ్ళు ఎందుకు తక్కువ చేస్తారు అనే పాత ప్రశ్నని అతను తిప్పి అడిగాడు: అసలు అంత కష్టపడి ఎందుకు చేస్తారు? 1979లో వచ్చిన అతని పుస్తకంలో జవాబు, టార్గెట్ అందుకోవడమే వాళ్ళకి ఒక ఆటలా మారిపోతుందని. నేను చూసిన ప్లాంట్‌లో కూడా కుర్రాళ్ళు లంచ్‌కి ముందు ఎన్ని పీసులు అవుతాయో పందెం వేసుకునేవాళ్ళు.

హాథార్న్ ప్రయోగాల గురించి రాసేటప్పుడు జాగ్రత్త. 1924 నుంచి 1932 వరకు చికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ ప్లాంట్‌లో జరిగాయి. లైట్ పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగింది, ఎందుకంటే తమని గమనిస్తున్నారని వాళ్ళకి తెలుసు అనే కథ ప్రతి టెక్స్ట్‌బుక్‌లోనూ ఉంటుంది. పోయాయనుకున్న ఆ లైటింగ్ డేటాని లెవిట్, లిస్ట్ అనే ఇద్దరు ఎకనామిస్టులు వెతికి తీసి మళ్ళీ విశ్లేషించి 2011లో ప్రచురించారు. కథలో చెప్పినంత ఫలితం అందులో లేదు. నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది అక్కడే 1931-32లో పద్నాలుగు మంది మగవాళ్ళున్న వైరింగ్ గదిని గమనించిన భాగం. రోజుకి ఇంత చాలు అని వాళ్ళలో వాళ్ళే ఒక లెక్క పెట్టుకున్నారు. ఎవరైనా మరీ వేగంగా చేస్తే పక్కవాడు భుజం మీద ఒక గుద్దు గుద్దేవాడు. గమనించే మనిషి గదిలోనే ఉన్నా ఆ అలవాటు ఆగలేదు.

సర్వీసుల వైపు వెళ్ళాలనుకుంటే ఆర్లీ హోక్షీల్డ్ అనే సోషియాలజిస్ట్ 1983లో ఎయిర్‌హోస్టెస్‌ల మీద రాసినదానితో మొదలుపెట్టండి. నవ్వడం కూడా పనిలో భాగమైనప్పుడు మనిషికి ఏమవుతుందో అందులో ఉంది. ఇవాళ యాప్‌లో స్టార్‌లు ఇచ్చే కస్టమర్ సగం సూపర్‌వైజర్ అయిపోయాడు కాబట్టి ఆ ప్రశ్న ఇంకా పెరిగింది. ఈ రంగంలో నాకు సొంత అనుభవం లేదు, అందుకే ఇక్కడితో ఆపుతున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ నాకు ముందు చెప్పలేదు. నా నోట్స్‌లో ఎక్కడా పేర్లు రాయలేదు. అక్క గురించి కూడా "స్టేషన్ 14, ఉదయం షిఫ్ట్" అని మాత్రమే రాసుకున్నాను. అనుమతి షరతుల్లో మధ్యలో ఒక రిపోర్ట్ ఇవ్వాలని ఉంది. కింది క్లిప్ ముందు వేయడం గురించి ఎంతో మెచ్చుకుంటూ రాసి ఇచ్చాను. చదివిన మేనేజర్‌కి అందులో కనిపించింది ఒక్కటే: స్టేషన్ 14లో వర్క్ ఇన్‌స్ట్రక్షన్ పాటించడం లేదని. వారం తిరిగేసరికి అక్కని ప్యాకింగ్‌కి మార్చేశారు. వెళ్ళి మాట్లాడాను, రాసి ఇచ్చాను, ఏమీ మారలేదు. నాలుగు నెలల తర్వాత గోడ మీద కొత్త ఇన్‌స్ట్రక్షన్ అంటించారు. కింది క్లిప్ ముందు, అరచేత్తో నొక్కాలి అని బొమ్మతో సహా. ఆవిడ పేరు ఎక్కడా లేదు. క్షమించమని అడిగితే, "నువ్వు రాసింది నిజమే కదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పేరు తీసేస్తే సరిపోదండి. స్టేషన్ నంబర్, షిఫ్ట్, పనిచేసే తీరు ఏది రాసినా ఆ లైన్‌లో ఉన్నవాళ్ళకి మనిషెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత నేను రెండు పనులు తప్పకుండా చేశాను. ముడి నోట్స్ ప్లాంట్‌కి చూపించనని అనుమతి పత్రంలోనే రాయించుకున్నాను. ఎవరి గురించైనా రాసిన పేరా ముందు వాళ్ళకే చదివి వినిపించి, వద్దంటే తీసేశాను. మంచి పేరాలు కొన్ని అలా పోయాయి, పోనివ్వండి.

మొదలుపెట్టడానికి మీరు ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. మీ ప్లాంట్‌కి వచ్చిన కస్టమర్ ఫిర్యాదుల్లోంచి ఒక్కటి తీసుకోండి, బాగా మామూలుది. సీరియల్ నంబర్ పట్టుకుని వెనక్కి నడవండి: ఏ నెల, ఏ లైన్, ఏ షిఫ్ట్, ఆ వారం టార్గెట్ ఎంత, ఎంతమంది కొత్తవాళ్ళు. రెండు వారాల్లో మీ గైడ్ ముందు పెట్టడానికి నాలుగు పేజీలు తయారవుతాయి. "మూడింట్లో ఏదో ఒకటి" అనే మాట ఆ నాలుగు పేజీలు చదివాక మా గైడ్ గారు మళ్ళీ అనలేదు.

సర్వే మానేయమని నేననను. నేను కూడా ఆఖరి ఏడాది మళ్ళీ చేశాను. ఈసారి పదకొండు ప్రశ్నలే, అన్నీ లైన్ మీద విన్న మాటలతో రాసినవే. కాగితాలు నేనే పంచాను, గేటు బయట, సూపర్‌వైజర్ లేనప్పుడు. "టైమ్ తగ్గించినప్పుడు మీ స్టేషన్‌లో ముందు ఏది వదిలేస్తారు?" అనే ప్రశ్నకి జవాబు కోసం ఇచ్చిన గీత సరిపోక, చాలామంది కాగితం వెనక్కి తిప్పి రాశారు.