షెల్టర్ గుమ్మం దగ్గర మొదలుపెట్టండి

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తుపాను షెల్టర్లలో పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్తలకీ ఊరి వాలంటీర్లకీ పిల్లల రక్షణ మీద రెండు రోజుల ట్రైనింగ్ ఇవ్వాలని అడిగారు. చేతిలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉందన్నారు. దాన్ని తెలుగులోకీ ఒడియాలోకీ మార్చేస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. సరిపోదు. నేను బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు షెల్టర్‌లో వాలంటీరుగా ఉన్నాను. ఆ తర్వాత ఇలాంటి మెటీరియల్ మూడుసార్లు తయారుచేశాను. మొదటిది ఎవరికీ ఉపయోగపడలేదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఫైలిన్ అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికే ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని తరలించారు. 1999 తుపానులో వేలమంది పోయిన రాష్ట్రం ఇది. ఫైలిన్‌లో చావులు పదుల్లో ఆగాయంటే ఆ తరలింపు వల్లే. కానీ అంతమందిని అంత తొందరగా లారీలెక్కిస్తే, తల్లి ఒక లారీలోనూ బిడ్డ ఇంకో లారీలోనూ వెళ్ళిపోవడం కూడా జరుగుతుంది.

మా షెల్టర్ ఒక హైస్కూలు. 11వ తేదీ సాయంత్రం సముద్రంలో వేటకెళ్ళే వాడబలిజల ఊళ్ళ నుంచి ఒక లారీ వచ్చింది. ఒడియావాళ్ళు వాళ్ళని నోళియాలంటారు, ఇళ్ళల్లో మాత్రం అంతా తెలుగే. అందులోంచి ఆరేళ్ళ పాప దిగింది, పక్కింటివాళ్ళతో. చేతిలో ఖాళీ స్టీలు గ్లాసు. ఎంత చెప్పినా ఆ గ్లాసు వదల్లేదు. వాళ్ళమ్మ "ఇది పట్టుకో, వచ్చేస్తాను" అని చేతికిచ్చి మూట తేవడానికి ఇంట్లోకి వెళ్ళిందట, ఈలోగా లారీ కదిలిపోయింది. ఈ సంగతి నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఒకాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. "నాను దీని మావని, ఇచ్ఛాపురం తీసికెల్లిపోతాను" అన్నాడు. గాలి మొదలైంది, నాకు టెన్షన్. పాపని పిలిచి, ఆయన ఎదురుగానే "ఈయన మీ మావేనా అమ్మా?" అని అడిగాను. పాప తలూపింది. పంపించేశాను. ఆయన పేరు రాసుకోలేదు, ఊరు సరిగా అడగలేదు, పక్కింటివాళ్ళని పిలవలేదు.

ఆ రాత్రి తుపాను. ఫోన్లు లేవు, కరెంటు లేదు, రోడ్ల నిండా చెట్లు. పాప తల్లి 13 నుంచి షెల్టర్లన్నీ నడిచి తిరిగి 14న మా దగ్గరికి వచ్చింది. "ఎవులికిచ్చినావమ్మా నా గుంటని?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆయన నిజంగానే మేనమామ, 15న పాప దొరికింది. కానీ ఆయన మేనమామ కాకపోయి ఉంటే కూడా నేను అలాగే పంపించేదాన్ని. అప్పటికి నేను ఒక ట్రైనింగ్‌కి వెళ్ళి వచ్చాను కూడా. పిల్లల హక్కులు అంటే ఏమిటో రాయమంటే రాయగలను. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని ఏం అడగాలో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

అందుకే నా సలహా, మీ మెటీరియల్ మొదటి పేజీ ఆ గుమ్మం దగ్గరి పది నిమిషాలు కావాలి. బిడ్డ ఒక్కర్తే వచ్చింది, మీరు నోటితో ఏమంటారు? ఎవరో వచ్చి నా బిడ్డే అన్నారు, మీరు ఏం చేస్తారు? మేము చివరికి ఇలా రాసుకున్నాం. పెద్దాయన్ని ఒకచోట, బిడ్డని ఇంకోచోట కూర్చోబెట్టి వేర్వేరుగా మాట్లాడాలి. అవును కాదు అని తలూపితే సరిపోయే ప్రశ్న వెయ్యకూడదు. "మీ ఇంట్లో ఎవరెవరుంటారు? రోజూ అన్నం ఎవరు పెడతారు?" అని అడగాలి. ఆయన చెప్పినదీ బిడ్డ చెప్పినదీ కలిశాయా చూడాలి. ఊరివాళ్ళు ఇద్దరు గుర్తుపట్టాలి. ఆయన చేతే పేరు, ఊరు, ఎక్కడికి తీసుకెళ్తున్నాడో రాయించి, గుర్తింపు కార్డు చూసి నంబరు రాసుకోవాలి. అనుమానం మిగిలితే పంపకూడదు. ఆయన ఎంత కోప్పడినా సరే, పోలీసులో బాలల సంక్షేమ కమిటీయో తేల్చేదాకా బిడ్డ షెల్టర్‌లోనే ఉంటుంది.

అన్నం ఎవరు పెడతారు అన్న ప్రశ్న ఒక అంగన్‌వాడీ దీదీ ఇచ్చింది. మన ఉమ్మడి ఇళ్ళల్లో నాయనమ్మని "అమ్మ" అనీ, కన్నతల్లిని మిగతావాళ్ళని చూసి "వదిన" అనీ పిలిచే పిల్లలుంటారు. ఫారంలో తల్లి పేరు అన్న గడిలో బిడ్డ చెప్పినట్టే రాస్తే వెతికేవాళ్ళు తప్పు మనిషి కోసం తిరుగుతారు. ఇలాంటివి ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ ఉండవు. కాబట్టి రాయడానికి ముందు కనీసం ఒక పూట దీదీలతో కూర్చోండి. గత తుపానులో మీ దగ్గరికొచ్చిన పిల్లల గురించి చెప్పండి అని అడిగి ఊరుకోండి. వాళ్ళు చెప్పేవే మీ పాఠాలు.

ఇంగ్లీషు పుస్తకాలు అక్కర్లేదని కాదు. పిల్లల రక్షణకి అంతర్జాతీయంగా ఒప్పుకున్న కనీస ప్రమాణాలు 2012లో వచ్చాయి, 2019లో మార్చి 28 ప్రమాణాలుగా ఇచ్చారు. తయారుచేసేవాళ్ళు, అంటే మీరు, అవి చదవాలి. దీదీకి మాత్రం అందులోంచి తన పనికి వచ్చేదే చేరాలి. మానసిక ప్రథమ చికిత్స మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ గైడు 2011లో వచ్చింది. దానిలోని మూడు మాటలు మేము "చూడు, విను, కలుపు" అని పెట్టుకున్నాం. ఒక్కసారి చెప్తే గుర్తుండిపోయాయి.

మాటల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మా మొదటి మెటీరియల్ చెడిపోయింది ఇక్కడే. అసలు పుస్తకంలో మూడు రకాల పిల్లలుంటారు. అమ్మానాన్నల నుంచి విడిపోయి బంధువులతో ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళెవరూ లేకుండా ఒంటరిగా ఉన్నవాళ్ళు, తల్లిదండ్రులిద్దరూ పోయినవాళ్ళు. మేము తొందరలో మొదటి రెంటికీ కూడా "అనాథ" అని వాడేశాం. ఒడియాలోనూ అదే మాట, దాంతో ఎవరికీ తప్పు అనిపించలేదు. ట్రైనింగ్‌లో నమూనా ఫారం నింపుతుంటే ఒక దీదీ లేచి, "అమ్మ పక్క షెల్టర్‌లో ఉంటే ఈ బిడ్డ అనాథ ఎలా అవుతుంది?" అని అడిగింది. ఆ మాట ఒకసారి కాగితం మీద పడితే బిడ్డని హోమ్‌కి పంపాలనో, దత్తత ఇచ్చెయ్యాలనో పక్కవాళ్ళు మొదలుపెడతారు. తల్లి చెవిన పడితే ఆవిడ గుండె ఆగిపోతుంది. తర్వాత దీదీల చేతే మాటలు ఎంచించాం. "ఇంటివాళ్ళతో కాక తెలిసినవాళ్ళతో ఉన్న బిడ్డ", "ఎవరూ లేకుండా ఉన్న బిడ్డ". కొంచెం పొడుగే, కానీ తప్పు జరగదు. అనాథ అన్న మాట షెల్టర్‌లో ఎవరూ రాయకూడదు అని పెద్ద అక్షరాలతో పెట్టాం.

రెండు రోజుల్లో ఒక రోజున్నర రోల్‌ప్లేకే ఇవ్వండి. ఉపన్యాసం విన్నప్పుడు అందరూ తలూపుతారు. ఒకరు బిడ్డగా, ఒకరు దీదీగా, ఒకరు గొడవ చేసే మావయ్యగా నిలబడ్డాక అసలు సంగతి బయటపడుతుంది. మన నోట అలవాటుగా వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. "ఏడవకు, మీ అమ్మ ఇప్పుడే వచ్చేస్తుంది." వస్తుందో రాదో మనకి తెలియదు, రాకపోతే ఆ బిడ్డ ఇంక మన మాట నమ్మదు. "మీ అమ్మ కోసం వెతుకుతున్నాం, ఈలోగా నేను ఇక్కడే ఉంటాను" అనాలి, అని నిజంగానే ఉండాలి. "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని కూడా అనకూడదు. తుపాను బొమ్మ గీయమని బలవంతపెట్టడం కూడా అలాంటిదే. బిడ్డ తనంతట తను చెప్తే వినాలి, చెప్పకపోతే బువ్వ పెట్టి పక్కన కూర్చోవాలి.

అన్నిటికంటే కష్టమైన రోల్‌ప్లే, బిడ్డ వచ్చి తన ఒంటి మీద ఎవరో చెయ్యి వేశారని చెప్పడం. ముందు "ఎవరికీ చెప్పను అంటేనే చెప్తాను" అంటుంది. మనసు కరిగి ప్రతి దీదీ "చెప్పనులే" అనేస్తుంది. ఆ మాట ఇవ్వకూడదు. పిల్లల మీద లైంగిక నేరాల గురించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. "నీకు సాయం చెయ్యగలిగినవాళ్ళకే చెప్తాను, షెల్టర్‌లో ఇంకెవరికీ తెలియనివ్వను" అనడం పదిసార్లు ప్రాక్టీసు చేయించండి. నిజమా అబద్ధమా అని దీదీ విచారణ చెయ్యకూడదు, ఆ మనిషిని పిలిపించి అడగకూడదు. ఈ భాగానికి ఒక పూట పట్టింది మాకు. ఇద్దరు దీదీలు ఏడ్చారు, ఒకావిడ బయటికి వెళ్ళిపోయింది. ముందే చెప్పండి, ఎవరికైనా కష్టంగా అనిపిస్తే లేచి వెళ్ళవచ్చని. వెళ్ళినవాళ్ళతో మాట్లాడటానికి ఒక మనిషిని పక్కన ఉంచండి.

చట్టాల సంగతి ఒక పేజీ దాటనివ్వకండి. 2015 బాలల న్యాయ చట్టంలో ప్రకృతి విపత్తుకి గురైన బిడ్డ కూడా సంరక్షణ అవసరమైన బిడ్డే. ఇంటివాళ్ళ నుంచి విడిపోయిన బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోగా పోలీసులకో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, బాలల సంక్షేమ కమిటీకో, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కో చెప్పాలి. అలాంటి బిడ్డ పేరు, ఫోటో బయటపెట్టడం నేరం. ఇది గట్టిగా చెప్పండి. తుపాను అయిన మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో "ఈ పాప ఎవరి పాప" అని ఫోటోతో సహా తిరుగుతుంది. మంచి మనసుతోనే పెడతారు. చూసేవాళ్ళలో ఎవరుంటారో మనకి తెలియదు.

1098 ఇప్పటికీ పనిచేస్తుంది, 2023లో దాన్ని 112 అత్యవసర సేవతో కలిపారు. కానీ తుపాను తర్వాత ఫోన్లే ఉండవు. కాబట్టి దీదీ సంచిలో పట్టే లామినేట్ కార్డు ఒకటి చెయ్యండి. ఒకవైపు అడగాల్సిన ప్రశ్నలు. రెండోవైపు నంబర్లు, ఫోన్ పోతే ఎవరి దగ్గరికి నడిచి వెళ్ళాలో వాళ్ళ ఊరికి తగ్గట్టు చేత్తో రాసుకునే చోటు. గంజాం కార్డు మీద శ్రీకాకుళం నంబర్లు, శ్రీకాకుళం కార్డు మీద గంజాం నంబర్లు తప్పకుండా ఉండాలి. మన చుట్టరికాలకి రాష్ట్రం హద్దు అడ్డు రాదు. ఇచ్ఛాపురం శ్రీకాకుళం జిల్లాలోది, ఆ పాపలాగే పిల్లలు ఒక పూటలో హద్దు అవతలికి వెళ్ళిపోతారు, వెతికే కాగితాలు మాత్రం ఇవతలే ఆగిపోతాయి.

మీరు గజపతి అన్నారు కాబట్టి కొండల సంగతి కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినా, గజపతిలో ప్రాణాలు తీసింది కొండచరియలు. బారాఘరలో వాన నుంచి తప్పించుకోవడానికి గుహలో తలదాచుకున్నవాళ్ళ మీదే చరియ పడింది. అక్కడ పిల్లలు మాట్లాడేది సవర భాష. తెలుగులోనో ఒడియాలోనో ఎంత ప్రేమగా అడిగినా బిడ్డకి అందదు. కార్డు మీదున్న ప్రశ్నల్ని సవర వచ్చినవాళ్ళ చేత పలికించి, అలాగే తెలుగు లిపిలో, ఒడియా లిపిలో రాయించండి. పక్కనున్న పెద్ద పిల్లవాణ్ణి దుబాసీగా వాడుకోవడం మాత్రం వద్దు. వాడూ ఆ వానలోంచి వచ్చినవాడే. హాస్టల్లో చదివే పిల్లలకి విడిగా ఒక రోల్‌ప్లే పెట్టండి. దారులు తెగిపోయి కొండ మీద ఇంటివాళ్ళ కబురు తెలియకపోతే వాళ్ళ భయం వేరుగా ఉంటుంది.

మెటీరియల్ షెల్టర్ మూసేసిన రోజుతో ఆగిపోకూడదు. వల పోయింది, పడవ విరిగింది, అప్పు నెత్తి మీదుంది. అప్పుడే దాదన్ దళారి, అంటే వలస కూలికి మనుషుల్ని కుదిర్చేవాడు, అడ్వాన్సు డబ్బుతో ఇంటికొస్తాడు. గంజాం నుంచి సూరత్‌కి పనికి వెళ్ళడం ఎప్పటినుంచో ఉన్నదే, అందుకే పధ్నాలుగేళ్ళ పిల్లవాడు కూడా వెళ్తున్నాడంటే ఎవరికీ వింతగా ఉండదు. ఆడపిల్లకి సంబంధం వచ్చిందంటే ఒక బరువు తీరిందనుకుంటారు. నెల తర్వాత, మూడు నెలల తర్వాత దీదీ ఏ ఇళ్ళకి వెళ్ళి ఏం అడగాలో రాసిపెట్టండి. స్కూలు తెరిచాక ఎవరు రాలేదో ఆ పేర్లతో మొదలుపెడితే చాలు.

ఇంకొక్క పేజీ మా మూడో మెటీరియల్‌లో గానీ చేరలేదు. అది దీదీ గురించి. షెల్టర్‌లో పనిచేసేటప్పుడు ఆవిడ ఇంటి పైకప్పు కూడా ఎగిరిపోయి ఉంటుంది, ఆవిడ పిల్లలు కూడా అదే హాల్లో ఒక మూల పడుకుని ఉంటారు. ఆవిడ ఎప్పుడు పడుకోవాలి, ఆ టైములో ఎవరు చూస్తారు, ఆవిడ పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నది ట్రైనింగ్ రోజునే పేర్లతో రాసుకోవాలి.

టైము విషయానికొస్తే, తీరం ఊళ్ళ వాలంటీర్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపల పెట్టండి. ఆ 61 రోజులు సముద్రంలో మర పడవల వేట నిషేధం, మగవాళ్ళు కూడా చాలామంది ఊళ్ళోనే దొరుకుతారు. గుమ్మం దగ్గర నిలబడేది వాళ్ళే కాబట్టి వాళ్ళు రావాలి. సెప్టెంబరులో ఒక పూట మళ్ళీ కూర్చోబెట్టి రోల్‌ప్లే చేయించండి, అక్టోబరు వచ్చేలోపు.

అచ్చుకి ఇవ్వడానికి ముందు మీ చిత్తుప్రతిని ఒక దీదీ చేత పైకి చదివించండి. ఎక్కడ ఆవిడ నాలుక ఆగిందో అక్కడ మాట మార్చండి. పర్లాకిమిడిలో మొదటి బ్యాచ్ పెడుతుంటే తేదీ చెప్పండి. నాకు ఆదివారాలు ఖాళీ, మా కార్డులు పట్టుకుని బరంపురం నుంచి బస్సులో వచ్చేస్తాను.