సోచా నది ఒడ్డున టెంటు: స్లొవేనియా యాత్రపై ఒక ప్రశ్న

ప్రశ్న: ఉద్యోగరీత్యా మేము మ్యూనిక్‌లో ఉంటున్నాము. ఆగస్టులో మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వస్తున్నారు. ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం ఏడు సీట్ల కారులో స్లొవేనియా వెళ్లి, పది రోజులు నదుల పక్కన టెంట్లలో గడపాలని అనుకుంటున్నాము. రోజుకో చోట మకాం మారుస్తూ దేశమంతా చూడవచ్చునా? నది ఒడ్డున నచ్చిన చోట టెంటు వేసుకోనిస్తారా? వంట మేమే చేసుకుంటాము.
— ఒక పాఠకురాలు, మ్యూనిక్

జవాబు: మీ రెండవ ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, తక్కిన ఏర్పాట్లన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. వేసుకోనివ్వరు. స్లొవేనియాలో అనుమతి ఉన్న క్యాంపుల్లో తప్ప మరెక్కడా టెంటు వేయకూడదు. ట్రిగ్లావ్ జాతీయ ఉద్యానంలోనైతే కారు నిలిపే స్థలంలో బండిలోనే పడుకొని తెల్లవార్చినా జరిమానా కట్టవలసిందే. కనుక క్యాంపుల్లో చోటు ముందుగా మాట్లాడుకొనే బయలుదేరండి.

ఇక దేశమంతా చుట్టిరావడం గురించి. పటంలో చూస్తే అది సులువే అనిపిస్తుంది. స్లొవేనియా వైశాల్యం సుమారు 20,270 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. అయితే వాయవ్యాన జూలియన్ ఆల్ప్స్ పర్వతాలు అడ్డంగా నిలిచి ఉండడం వల్ల అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటల్లో కొలవాలి. క్రాన్‌స్కా గోరా నుంచి సోచా లోయలోకి దిగే వ్రషిచ్ కనుమ దారి 1,611 మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగుతుంది. ఆ దారిలో మొత్తం 50 మలుపులు, ప్రతి మలుపు దగ్గరా దాని సంఖ్యతో ఒక పలక. ఎక్కేటప్పుడు 24, దిగేటప్పుడు 26. ఉత్తరం వైపు మలుపుల్లో రాళ్లు పరిచి ఉంటాయి, వాన పడితే అవి జారుతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ ఖైదీల చేత వేయించిన దారి అది. పిల్లలు పలకలు లెక్కపెడుతూ సంబరపడతారు గానీ, మీ అత్తగారికి ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పే అలవాటు ఉంటే ఇటలీలోని టార్విజియో మీదుగా ప్రెదిల్ కనుమ దాటి బోవెత్స్ చేరండి. ఆ కనుమ ఎత్తు 1,156 మీటర్లే.

అందువల్ల రెండే మకాములు పెట్టుకోండి. మొదటిది బోహీన్ సరస్సు దగ్గర నాలుగు రాత్రులు, రెండవది బోవెత్స్, కోబరీద్ ఊళ్ల నడుమ సోచా లోయలో ఐదు రాత్రులు. బ్లెడ్ సరస్సును దారిలో ఒక పూట చూస్తే చాలునని నా అభిప్రాయం. అక్కడ జనం ఎక్కువ. పెద్దవారిని తొమ్మిది రాత్రులూ నేల మీద పడుకోబెట్టకండి. చాలా క్యాంపుల్లో మంచాలు, స్నానాల గది ఉన్న చిన్న చెక్క ఇళ్లు అద్దెకు దొరుకుతాయి. వారికి ఒకటి తీసుకొని, పక్కనే మీరు టెంటు వేసుకోవచ్చు.

టెంటు వేసే చోటు విషయంలో ఆశకు పోవద్దు. నీటి అంచునే ఉన్న చోటు ఫొటోలకు బాగుంటుంది, కానీ ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వానలు ముంచుకొస్తాయి, ఎగువన కురిసిన వాన మీ దగ్గర ఎండ కాస్తుండగానే నదిని పెంచగలదు. 2023 ఆగస్టు తొలి వారంలో వచ్చిన వరదలు ఆ దేశాన్ని అతలాకుతలం చేశాయి. గట్టు మీది వరుసలో చోటు అడగండి. ఆ లోయలో నేల నది తెచ్చి పోసిన గులకరాళ్లమయం, టెంటుతో పాటు వచ్చే సన్నని మేకులు వంగిపోతాయి. లావుపాటి ఉక్కు మేకులు, ఒక సుత్తి వెంట ఉంచుకోండి.

వంట సంగతి. క్యాంపుల్లో కరెంటు తీసుకోవడానికి మూడు పిన్నుల నీలిరంగు ప్లగ్గు ఉన్న పొడవాటి తీగ కావాలి. కొన్నిచోట్ల 6 ఆంపియర్లే ఇస్తారు, అంటే దాదాపు 1,380 వాట్లు. 700 వాట్ల రైస్ కుక్కర్ మీద అన్నం ఉడుకుతుండగా మామగారు కాఫీకని 2,000 వాట్ల కెటిల్ మీట నొక్కితే కరెంటు పోతుంది. చోటు మాట్లాడుకొనేటప్పుడే ఎన్ని ఆంపియర్లో అడిగి, పప్పుకూ పోపుకూ గ్యాస్ పొయ్యి పెట్టుకోండి. రాత్రి పదింటి తరువాత క్యాంపులో నిశ్శబ్దం పాటించాలి కనుక ప్రెషర్ కుక్కర్ విజిళ్లు సాయంత్రమే అయిపోవాలి. మంచినీళ్లు కొనవలసిన పని లేదు, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. తాగునీటి హక్కును 2016లో రాజ్యాంగంలోనే చేర్చుకున్న దేశం అది.

పిల్లల ఈతకు బోహీన్ సరస్సే మేలు. పచ్చలా మెరిసే సోచా నీళ్లు నడివేసవిలో కూడా ఎముకలు కొరికేంత చల్లగా, వడిగా ఉంటాయి. అందులో దిగితే గైడు వెంట, లైఫ్ జాకెట్‌తో రాఫ్టింగ్‌కే దిగండి. బవేరియా బడులకు సెప్టెంబరు మధ్య దాకా సెలవులే కనుక, స్లొవేనియాలో సెప్టెంబరు 1న బడులు తెరిచాక వెళితే రద్దీ తగ్గుతుంది. మీ పెద్దవారి తిరుగు ప్రయాణం తేదీ చూసుకోండి.

వారి జర్మనీ షెంగెన్ వీసా స్లొవేనియాలోనూ చెల్లుతుంది. అయినా అసలు పాస్‌పోర్టులు వెంట ఉండాలి: క్యాంపులో చేరేటప్పుడు వివరాలు నమోదు చేసుకుంటారు, తిరిగి వచ్చేటప్పుడు ఆస్ట్రియా నుంచి జర్మనీలోకి అడుగుపెట్టే చోట తనిఖీ ఉండవచ్చు. ఆస్ట్రియా, స్లొవేనియా రెండింటికీ రహదారి విన్యెట్లు (ఆ దేశపు పెద్ద రహదారుల మీద కారు నడపడానికి ముందే కట్టే రుసుము పత్రాలు) వేరువేరుగా కొనాలి. దారిలో వచ్చే టవెర్న్, కారవాంకె సొరంగాలకు రుసుము అదనం.