మేస్త్రికి తాళం చెవి ఇచ్చి అరకు వెళ్ళాం

పిల్లలకు సెలవులు, ఇంట్లో టైల్స్, రంగుల పని ఒకేసారి వచ్చిపడ్డాయి, మేస్త్రికి ఇల్లు వదిలేసి నాలుగు రోజులు ఎటైనా తిరిగి రావచ్చా అని అడిగారు. రావచ్చు. 2018 మే నెలలో మేం చేసింది అదే. ఏం జరిగిందో చెప్తాను, ఆపైన మీ ఇష్టం.

మాది రాజమండ్రి. బాత్రూంలో పాత టైల్స్ మీదే కొత్తవి వేయించడం, హాలుకీ వరండాకీ రంగులు. మేస్త్రి పాతికేళ్ళుగా తెలిసినవాడే. "మీరు ఎళ్ళి రండి, వచ్చేసరికి ఇల్లు మీరే గుర్తుపట్టలేరు, ఆయ్" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు.

అసలు చిక్కు ఆవకాయతో మొదలైంది. ఆ ఏడు కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు మాకు ఆలస్యంగా దొరికాయి. టిక్కెట్లేమో ముందే తీసేశాం. ప్రయాణానికి ముందురోజు అమ్మ యాభై కాయలు కొట్టించి, కలిపి, జాడీకెత్తి, మూతికి గుడ్డతో వాసెన కట్టేసింది. మూడో రోజున తిరగకలపాలి. ఆ పని పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పింది.

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కాం. అద్దాల బోగీలో టిక్కెట్లు దొరక్క మామూలు పెట్టెలోనే కూర్చున్నాం. బొడ్డవర దాటుతుండగా పిన్నిగారు ఫోన్ చేశారు, కూతురికి నొప్పులొస్తే హడావిడిగా కాకినాడ వెళ్ళిపోయారట. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మనవరాలో మనవడో అని అడగడం కూడా మరిచిపోయి, "ఇవాళ మూడో రోజు!" అంది.

ఇంట్లో ఉన్నది మేస్త్రి ఒక్కడే. అమ్మ ఫోన్‌లో చెబుతుంటే పెట్టెలో సగంమంది వింటున్నారు. "చేతులు సబ్బుతో కడుక్కో. తుడుచుకో. మళ్ళీ తుడుచుకో. తడి తగిలిందంటే బూజు పట్టి చస్తుంది. పొడి గరిటె తీసుకో. అడుగు నుంచి కలపాలి నాయనా, సిమెంటు కలిపినట్టు కాదు." అటునుంచి "ఆయ్, అలాగేనండి" అని వినబడుతూనే ఉంది. ఎదురు సీటాయన మాత్రం "ఉప్పు చూడమనండి" అని గుర్తు చేశాడు. అమ్మ అదీ చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పకపోయినా బాగుండేది.

ఇక రంగు సంగతి. మేము ఒప్పుకున్నది మీగడ రంగు. మేస్త్రి రాత్రి బల్బు వెలుతురులో గోడ ఫొటో తీసి పంపాడు. నాన్నగారు కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసి, మరీ పసుపుగా ఉందని ఫోన్ అందుకున్నారు. శివలింగపురం దాటాక సొరంగాలు వరసపెట్టి వస్తాయి. ఆ లైను మొత్తం మీద 58 ఉన్నాయంటారు. మా పిల్లలు ఒక్కొక్క దానికీ కేకలు పెడుతూ లెక్కపెడుతున్నారు.

"పోనీ లేత నీలం ఏసేద్దావేంటండి, చల్లగా ఉంటాది" అన్నాడు మేస్త్రి.

"గంధం రంగు వెయ్యవయ్యా. నీలం మాత్రం..." అన్నారు నాన్నగారు, అంతలో బండి సొరంగంలోకి దూరింది. ఆయన "వద్దు" అన్నది చీకటికి. మన భాషలో వద్దు, కాదు, లేదు అన్నీ వాక్యం చివరే కదా వస్తాయి, సొరంగం సరిగ్గా దాన్నే మింగేసింది. బయటికొచ్చేసరికి సిగ్నల్ లేదు. "విన్నాడులే" అన్నారు నాన్నగారు.

అరకు బాగుంది. బొర్రా గుహల మెట్లు ఎక్కలేక నేను ఆయాసపడ్డాను, పిల్లలు బొంగులో చికెన్ తిన్నారు, అంతకంటే చెప్పడానికేమీ లేదు.

నాలుగో రోజు రాత్రి ఇల్లు చేరాం. లైటు వేయగానే హాలూ వరండా ఒకటే నీలం. లేత నీలం అన్నాడు కానీ, ఆరాక రంగు ఒక పిసరు ముదురుతుంది. మర్నాడు పొద్దున్న వరండాలో ఎవరో పెద్దాయన చెంప పట్టుకుని నిలబడి, "డాక్టరుగారు ఎన్నింటికొస్తారండి?" అని అడిగాడు. మా ఆవిడ నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తింది. ఆ నీలంతోనే రెండేళ్ళు ఉన్నాం.

అంతకుముందు రాత్రే నాన్నగారు బాత్రూంలోకి వెళ్ళబోయారు. తలుపు మూడో వంతు తెరుచుకుని టైల్‌కి పట్టేసింది. పిల్లలు దూరారు, మా ఆవిడ పక్కవాటుగా దూరింది, నాన్నగారి దగ్గరికొచ్చేసరికి పొట్ట అడ్డమొచ్చింది. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళారు గానీ స్నానం చేసి అదే ఊపిరితో బయటికి రాలేకపోయారు. ఈలోగా నీళ్ళు తూము వైపు కాకుండా గుమ్మం దాటి హాల్లోకి వస్తున్నాయి. రెండింటికీ కారణం ఒకటే: వాటం తిరగబడింది. గుమ్మం దగ్గర పల్లం, లోపలికి పోయేకొద్దీ ఎత్తు. అందుకే తలుపు కొంత దూరం వెళ్ళి ఆగిపోతోంది. రాత్రి పదకొండింటికి మేస్త్రి రసమట్టం పట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర పెట్టి, బుడగని చాలాసేపు చూసి, "బుడగ కరెక్టుగానే ఉందండి, మట్టమే కొద్దిగా..." అని ఆగాడు.

వడ్రంగిని పిలిచి తలుపు అడుగు కోయించాం. సగం టైల్స్ పగలగొట్టి మళ్ళీ వేయించాం. అదే డిజైను కొట్లో దొరికింది కానీ బ్యాచ్ వేరు, తూము దగ్గర ఎనిమిది టైల్స్ ఇప్పటికీ పిల్లి మచ్చల్లా కనబడతాయి. కాబట్టి మీరు ఊరెళ్ళినా మానినా, టైల్స్ పదో వంతు ఎక్కువ కొని, పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసుకోండి. సందులు నింపకముందే ఓ బకెట్ నీళ్ళు పోయించి ఎటు పోతున్నాయో మీ కళ్ళతో చూడండి. రంగు గోడ మీద కాస్త వేయించి, ఆరాక, పగటి వెలుతురులో ఒప్పుకోండి, ఫొటోలో కాదు. నీళ్ళు పోయించే రోజూ, రంగు చూసే రోజూ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటే మిగతా రోజులు అరకు ఏంటి, కాశీ వెళ్ళినా పరవాలేదు.

ఇక జాడీ. అమ్మ అన్నిటికంటే ముందు దాని దగ్గరికే వెళ్ళింది. వాసెన నీటుగా కట్టి ఉంది. విప్పితే మూడు వేళ్ళ మేర తగ్గింది. మేస్త్రి తల గోక్కున్నాడు. "ఉప్పు చూడమన్నారు కదండీ. ఒక ముక్కతో తెలవలేదండి. మధ్యాన్నం అన్నంలో ఏసుకుని చూశాం, నలుగురం. సాల్లేదని ఓ గిద్దెడు ఏశానండి."

అమ్మ ఆ రోజు అతనితో మాట్లాడలేదు. జాడీ మాత్రం ఏడాదంతా బూజు పట్టలేదు. ఆ మరుసటి ఏడు కలిపేటప్పుడు చూశాను, కొలత ప్రకారం ఉప్పు పోసి, అటూ ఇటూ చూసి, ఇంకో గిద్దెడు వేసింది. నేనేమీ అడగలేదు.