నంబర్ పాతదే, మరి లోపం ఉన్నట్టా?

ప్రశ్న: ద్వారకానగర్‌లో మాది చిన్న ఆఫీసు, సర్వర్లు చూసేది నేనొక్కడినే. క్లయింట్ సెక్యూరిటీ స్కాన్ చేయించి రిపోర్టు పంపారు. ఉబుంటు 22.04 (లినక్స్) సర్వర్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే సాఫ్ట్‌వేర్) 8.9పీ1 ఉందట, సీవీఈ-2024-6387 అనే నంబరున్న భద్రతా లోపం ఉన్నట్టేనట, 9.8కి మారాలట. నేను అప్‌డేట్లన్నీ వేశాను, ప్యాకేజీ పూర్తి నంబరు 8.9పీ1-3ఉబుంటు0.10. మేనేజర్ గారు సోమవారానికల్లా తేల్చమంటున్నారు. ఫ్రెండేమో 9.8 సోర్స్ కోడ్ తెచ్చి మనమే కంపైల్ చేసి (ప్రోగ్రాముగా కట్టి) పెట్టేయమంటున్నాడు. చేసేయనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దండి, ఆ పని మాత్రం చేయకండి. ఈ లోపం మీ సర్వర్‌లో ఇప్పటికే సరిచేసి ఉంది.

ఆ లోపం 8.5పీ1 నుంచి 9.7 దాకా ఉంది, 2024 జులై 1న వచ్చిన 9.8లో సరిచేశారు. అయితే ఉబుంటు వాళ్లు 22.04 వాడేవాళ్లందరినీ 9.8కి లాక్కెళ్లరు, అలా చేస్తే పాత సెట్టింగులు ఎక్కడో ఒకచోట తేడా కొడతాయి కాబట్టి, ఆ సవరణ ఒక్కటే తీసి 8.9లో అతికిస్తారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. 22.04కి ఆ సవరణ వచ్చింది సరిగ్గా మీరు రాసిన 0.10లోనే. సింహాచలం ఘాట్ దిగే బండికి బ్రేకులు కొత్తవి వేయించినా ఆర్సీలో మోడల్ సంవత్సరం మారదు కదా, మెకానిక్ బిల్లు చూడాలి. ఇక్కడ ఆ బిల్లు ప్యాకేజీ చేంజ్‌లాగ్, అంటే ఏ నంబరులో ఏం మార్చారో రాసి ఉండే జాబితా. మీకొచ్చిన రిపోర్టు 8.9 దగ్గరే ఆగిపోయింది, ఆ వెనకున్న ‘-3ఉబుంటు0.10’ అనే తోకను లెక్కలోకి తీసుకోలేదు.

కంపైల్ చేస్తే రిపోర్టులో ఎరుపు పోతుంది, నిజమే. కానీ రేపు ఇంకో లోపం బయటపడితే దానికి ఉబుంటు అప్‌డేట్ రాదు, మీరే గుర్తుపెట్టుకుని మళ్లీ కట్టాలి, మీరు ఉద్యోగం మారితే ఆ సర్వర్ సంగతి ఎవరికీ పట్టదు. నాకు భయం వేసేది అక్కడే.

అలాగని రిపోర్టులో ప్రతి లైనూ ఉత్తిదేనని కొట్టేయకండి. సెంటోస్ 7 (ఇంకో రకం లినక్స్) మిషను ఏదైనా మూల ఉందేమో చూడండి, దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి, అక్కడ బ్యాక్‌పోర్ట్ అన్న మాటే చెల్లదు. ఇంకొకటి, కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ వేసి రీబూట్ చేయకపోతే నడుస్తున్నది పాతదే. ఎన్‌క్రిప్షన్ పని చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి లైబ్రరీలూ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) అంతే, వాటిని వాడే సర్వీసులను రీస్టార్ట్ చేసేదాకా మెమరీలో పాత కోడే ఉంటుంది.

సోమవారం మేనేజర్ గారికి మూడు కాగితాలు ఇవ్వండి: ప్యాకేజీ పూర్తి నంబరు, చేంజ్‌లాగ్‌లో ఆ సీవీఈ ఉన్న లైను, ఈ లోపం ఏ నంబరులో సరిచేశారో చెప్పే ఉబుంటు సెక్యూరిటీ నోటీసు. క్లయింట్‌ను ఈసారి సర్వర్‌లోకి లాగిన్ అయి చేసే స్కాన్ పెట్టమనండి. అది ప్యాకేజీల జాబితానే నేరుగా చదువుతుంది, ఇలాంటి ఎర్ర లైన్లు చాలావరకు అక్కడే రాలిపోతాయి.