60 ఫ్రేముల వీడియోను 30కి తగ్గిస్తే సైజు సగమవుతుందా?

చెన్నైలో మీ అపార్టుమెంటువారి ఉగాది కోలాటాన్ని సెకనుకు 60 ఫ్రేములతో (విడి బొమ్మలతో) ఫోనులో తీశారు. 30కి మారిస్తే ఫైలు సగమవుతుందా, 24 పెడితే కుదుపు ఎందుకని అడిగారు.

సగం కాదు. వీడియో కుదింపులో ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచరు; చాలావాటికి పొరుగు ఫ్రేముతో ఉన్న తేడానే రాస్తారు. పక్కపక్క ఫ్రేములు కవలల్లా ఉంటాయి కాబట్టి సగం తీసేసినా కలిసొచ్చేది అంతంతమాత్రమే. బిట్‌రేటు (ఒక్కో సెకను వీడియోకు వాడే డేటా) అదే ఉంచి మారిస్తే అసలు తగ్గదు, ఎందుకంటే సైజు అంటే బిట్‌రేటును నిడివితో గుణించడమే.

ఇక కుదుపు. 30 అంటే ఒకటి విడిచి ఒకటి తీసుకోవడం. కోలాటం లయ తప్పదు. 24 అంటే రెండున్నరకు ఒకటి. అర ఫ్రేము ఉండదు గనుక ఒకసారి రెండు, మరోసారి మూడు ఫ్రేముల అంతరం పడుతుంది, కర్రలు గెంతినట్టు కనిపిస్తాయి. సినిమాలా ఉంటుందని 24 పెట్టడం నాకైతే అనవసరపు మోజే.

వీడియోలను మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో వీడియో విభాగానికి వెళ్లి ఫ్రేమ్‌రేటు 30, దాని కింద ‘కాన్‌స్టంట్’ ఎంచుకోండి. ఫోన్లు తరచూ నిలకడలేని ఫ్రేమ్‌రేటుతో తీస్తాయి. తర్వాత ఎడిటింగ్‌లో పాటదొక దారి, అడుగుదొక దారి కావచ్చు. సైజే ముఖ్యమైతే రిజల్యూషన్‌ను 4కె నుంచి 1080కి దించండి, పిక్సెళ్లు నాలుగో వంతవుతాయి.