క్లాట్‌లో ప్యాసేజీలు చదివేసరికే టైం అయిపోతోంది, ఏం చేయాలి?

లా డిగ్రీ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష క్లాట్ యూజీలో 120 నిమిషాలకు 120 ప్రశ్నలు. ప్యాసేజీ దాదాపు 450 పదాలు. దాని కింద ఐదు ప్రశ్నలుంటే, చదవడంతో కలిపి మీకున్నది ఐదు నిమిషాలే. కాబట్టి మొత్తం రెండోసారి చదవడం మానేయండి. మొదటిసారే పెన్ను పట్టుకుని, రచయిత 'కానీ', 'అయితే' అని మలుపు తిరిగిన చోట గీత గీయండి. తెలియని పదం దగ్గర ఆగొద్దు.

అసలు దెబ్బ పడేది ఆప్షన్లలో. నల్లగొండ ఫ్లోరైడ్ మీద ప్యాసేజీ వచ్చిందనుకోండి. అందులో 'శుద్ధి చేసిన నీళ్లొచ్చాక కొత్త కేసులు తగ్గాయి' అని ఉంటుంది. ఆప్షనేమో 'సమస్య పూర్తిగా తీరిపోయింది' అంటుంది. మా ఊళ్లో ఇప్పుడు మంచినీళ్లే కదా అని టిక్ పెట్టామో, పోయినట్టే! 'పూర్తిగా' అన్న మాట ప్యాసేజీలో లేదు. మనకు తెలిసింది కాదు, అక్కడ రాసిందే లెక్క. తప్పుకు పావు మార్కు కోత ఉంది. అయినా రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే నేనైతే పెట్టేస్తాను.

మాది మిర్యాలగూడ. హైదరాబాద్ బస్సెక్కినప్పుడల్లా ఇంగ్లిష్ పేపర్ సంపాదకీయం చదివి, పేపర్ మడిచేసి, సారం తెలుగులో ఒక్క వాక్యంగా చెప్పుకునేవాణ్ణి. నార్కట్‌పల్లి దాటేలోపు రెండు అయ్యేవి.