పాఠకుల ప్రశ్నలు: తాళం వేసిన కథల తోట

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉన్న మా మనవరాలిని కోవిడ్‌కు ముందు ఓక్లాండ్‌లోని ఒక కథల పార్కుకు తరచూ తీసుకెళ్లేవారు. లాక్‌డౌన్‌లో గేట్లు మూసేసినా ఆ పార్కు పిల్లలకు దూరం కాలేదని మా అమ్మాయి అంటుంది. అదెలా సాధ్యం?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు చెబుతున్నది మెరిట్ సరస్సు ఒడ్డున 1950లో మొదలైన చిల్డ్రన్స్ ఫెయిరీలాండ్ అయి ఉండాలి. పిల్లలు వెంట లేకపోతే పెద్దలను లోపలికి రానివ్వకపోవడం అక్కడి నియమం. మన పార్కులకూ ఇది ఉంటే బాగుండును. 2020 మార్చిలో మూతపడిన ఆ పార్కుకు అదే సెప్టెంబరులో డెబ్బై ఏళ్లు నిండాయి. లాభాపేక్ష లేని సంస్థ కావడంతో, టికెట్ల ఆదాయం ఆగిపోయిన ఆ రోజుల్లో దాతల మీద ఎక్కువగా ఆధారపడవలసి వచ్చింది. అయినా 1956 నుంచి ఆడుతున్న తోలుబొమ్మలాటలాంటి బొమ్మల ప్రదర్శనలనూ, కథలు చదివి వినిపించడాన్నీ వీడియోల ద్వారా ఇళ్లకు చేర్చింది.

అయితే చేరనిది ఒకటుంది. అక్కడ పిల్లలు రంగుల ప్లాస్టిక్ తాళంచెవిని బొమ్మ పక్కనున్న పెట్టెలో పెట్టి తిప్పితే కథ వినిపిస్తుంది. ఆ తిప్పడంలోని ఆనందం ఫోను తెర మీద దొరకదు. బహుశా మీ మనవరాలు ఆ తాళంచెవిని ఇంకా దాచుకొనే ఉంటుంది. ఈసారి వీడియోకాల్‌లో దాన్ని చూపించమని అడగండి, తను దాన్ని తిప్పినట్లు నటించగానే మీరు ఒక కథ మొదలుపెట్టండి.